నడిమి క్షణము: కంప్యూటరునందలి లాకులను గూర్చి

దుమ్ముగూడెపు బాలురకు లాకు అనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. గోదావరికి అడ్డముగ నిచ్చట కట్టిన ఆనకట్టయు, దాని ప్రక్కను పడవలు దాటుటకై త్రవ్విన కాలువయు, లాకులును మన పెద్దలు తరతరములుగ చెప్పుకొనుచు వచ్చినవే. మధ్యదేశపు ప్రత్తిని నదిమీదుగ సముద్రతీరమునకు చేర్పవలెనని సర్ ఆర్థరు కాటన్ దొరగారు తలపోయగా, హేగ్ దొరగారి పర్యవేక్షణమున ఈ ఎగువ గోదావరి పనులు సాగినవి. 1871లో ప్రభుత్వమువారు ఆ పడవమార్గపు పనిని విడిచిపెట్టిరి. నది మాత్రము తన పనిని విడువలేదు.

మా తరగతిలో కంప్యూటరు శాస్త్రము చెప్పుచుండగా ఆపరేటింగు సిస్టమునందలి లాకులు అను ప్రకరణము వచ్చినది. ఒక బాలుడు లేచి, “మాష్టారూ, కంప్యూటరులోనికి పడవలెట్లు వచ్చినవండీ?” అని యడిగెను. తరగతియంతయు నవ్వినది. మేమును నవ్వితిమి. కాని యింటికి పోయి యాలోచించినకొలది ఆ ప్రశ్నయందు నవ్వదగినది లేదని తోచినది. ఆనాడు ఆ బాలునికి సరిగా నీయలేకపోయిన యుత్తరమే ఈ వ్యాసము.

లాకు అనునది రెండు జతల తలుపులుగల యొక అఱ. ఎగువనుండి వచ్చిన పడవ అఱలోనికి పోగానే వెనుక తలుపులు మూయుదురు. నీరు దిగువ మట్టమునకు తగ్గువఱకు పడవ యందే నిలుచును. పిమ్మట ముందు తలుపులు తెఱతురు. రెండు జతల తలుపులను ఒక్కసారిగ తెఱచుట యెన్నడును కూడదు. ఒక పడవ అఱలో నుండగా రెండవ పడవ, అది ధనవంతునిదైనను చేపలవాని దోనెయైనను, బయట వేచియుండవలసినదే. ఈ నియమమును చదువరులు మనస్సున నుంచుకొందురుగాక. దీనితో మాకు ముందు చాల పనియున్నది.

ఇక కంప్యూటరు మాట. లెక్కలు చేయు భాగమునకు ప్రాసెసరని పేరు. ఒక ప్రాసెసరు ఒక క్షణమున ఒక్క పనినే చేయగలదు. అయినను దానిముందు కూర్చున్నవానికి పాట పాడుచున్నట్లును, అక్షరములు తెరమీద పడుచున్నట్లును, అచ్చుయంత్రము కాగితములు వదలుచున్నట్లును, అన్నియు నొక్కమాఱే జరుగుచున్నట్లును తోచును. ఇది యెట్లనగా, మన అడవిపల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలను తలచుకొనుడు. ఒక్కరే పంతులుగారు అయిదు తరగతులను నడపుదురు. ఒకటవ తరగతికి ఎక్కములు వల్లెవేయుమని చెప్పి, మూడవ తరగతివారి పలకలు చూచి, అయిదవ తరగతికి నల్లబల్లమీద భాగహారము మొదలుపెట్టి, అది సగములో నుండగనే మఱల ఒకటవ తరగతికి పోవుదురు. కంప్యూటరునందు నడచుచున్న ఒక్కొక్క కార్యమును ప్రాసెసు అందురు. ఏ ప్రాసెసునకు ఎంత సేపు, దాని తరువాత నేది అని నిర్ణయించు భాగము షెడ్యూలరు. అది యొక ప్రాసెసునకు రెప్పపాటుకంటెను తక్కువ కాలమిచ్చి, దానిని నిలిపి, మఱొకదానిని పిలుచును.

నిలుపబడిన ప్రాసెసునకు తాను నిలుపబడిన సంగతియే తెలియదు. చిక్కంతయు నిక్కడనే యున్నది. పంతులుగారు తిరిగివచ్చి, తాము విడిచిన అంకెనుండియే భాగహారమును సాగింతురు. ఈలోపల నొక చిలిపివాడు బల్లమీది 7ను 1గా దిద్దియుండినచో, పంతులుగారు ఏ తప్పును చేయకయే లెక్క తప్పిపోవును.

ఈ విషయమును మా విద్యార్థులు ప్రయోగశాలలో స్వయముగ చేసి చూచిరి. కంప్యూటరు జ్ఞాపకమునందు ఒక సంఖ్యను సున్నగా నుంచి, దానికి లక్షసార్లు ఒకటి కలుపుమని యొక పనివానిని, మఱి లక్షసార్లు కలుపుమని రెండవ పనివానిని ఏకకాలమున నియమించిరి. రెండు లక్షలు రావలెను గదా. రాలేదు. మఱల చేసిరి, వేఱొక అంకె వచ్చినది. మూడవసారి యింకొకటి. కంప్యూటరు చెడిపోయినదని యొకడు తీర్మానించెను. చెడలేదు. ఒకటి కలుపుట యనునది మనకొక పనియే గాని ప్రాసెసరునకు మూడు పనులు: ఉన్న సంఖ్యను చదువుట, దానికి ఒకటి చేర్చుట, ఫలమును తిరిగి వ్రాయుట. మొదటివాడు 10 అని చదివెను. వాడు వ్రాయకమునుపే రెండవవాడును 10 అని చదివెను. మొదటివాడు 11 వ్రాసెను. రెండవవాడును 11 వ్రాసెను. ఇరువురు చెరియొకటి కలిపిరి, పెరిగినది ఒకటియే. ఎవని తప్పు? ఇరువురి లెక్కయు సరియైనదే. తప్పు చదువుటకును వ్రాయుటకును నడుమనున్న క్షణమునందున్నది. ఎవడు ముందు, ఎవడు వెనుక అను పరుగుపందెమునుబట్టి ఫలము మాఱుచుండుటచేత దీనిని రేస్ కండిషను అందురు.

ఇప్పుడు డ్రైవరుల సంగతి. డ్రైవరనగానే మనకు భద్రాచలము బస్సు నడపువాడు తలపునకు వచ్చును. కంప్యూటరునందలి డ్రైవరు మనుష్యుడు కాడు. ఒక్కొక్క పరికరముతో దాని భాషలో మాటలాడుటకై వ్రాయబడిన ప్రోగ్రాము. అచ్చుయంత్రమునకొకటి, మీటల పలకకొకటి, తీగద్వారా వార్తలు తెచ్చు పెట్టెకొకటి. పరికరమునకు చెప్పవలసిన మాట కలిగినప్పుడు అది ప్రాసెసరును పిలుచును. ఈ పిలుపే ఇంటరప్టు. ప్రాసెసరు చేయుచున్న పనిని చేయుచున్నచోటనే నిలిపి, డ్రైవరులోని యొక చిన్న భాగమును నడపి, మఱల పాతపనికి వచ్చును. తలుపు తట్టుట వంటిదే. కాని తలుపు తట్టినవాడు మనము లేచువఱకు ఆగును, ఇంటరప్టు ఆగదు. అది యెప్పుడు వచ్చునో ఎవరును చెప్పలేరు. హాలండు దేశీయుడగు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అను విద్వాంసుడు తన యౌవనమున ఎలక్ట్రొలాజికా ఎక్స్1 అను యంత్రమునకు ఇట్టి ప్రోగ్రాములనే వ్రాసి, 1959లో తన డాక్టరు పట్టమునకు దానినే విషయముగ గైకొనెను. ఇంటరప్టులను ఆ యంత్రమున చేర్పవలెనని తోడి యింజనీర్లు చెప్పినప్పుడు, ఒకసారి కనబడిన దోషమును మఱల కనబఱచుట సాధ్యము కాదేమోయని తాను భయపడి కొంతకాలము ఒప్పుకొనలేదని ఆయన వార్ధక్యమున వ్రాసికొనెను. అంతటివాని భయము అట్టిదైనప్పుడు మన బాలురు ఈ ప్రకరణమును చూచి బెదరుట వింతగాదు.

మన నదినే ఉదాహరణముగ గైకొందము. మనకు దిగువనున్న భద్రాచలమున గోదావరి మట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ప్రకటింతురు. 1986 ఆగస్టులో 75.6 అడుగులవఱకును, 2022 జూలైలో 71.3 అడుగులవఱకును నది పెరిగినది. ఆ రాత్రులు గడపిన కుటుంబములవారి పిల్లలు ఈ పాఠశాలలో నున్నారు. కావున ఈ అంకెలు మనకు పుస్తకములోని అంకెలు కావు.

నీటిమట్టమును తానే కొలిచి కంప్యూటరునకు చెప్పు పరికరమొకటి యున్నదని యూహింతము. దానికి మేము చదువు చాలని యొక డ్రైవరు వ్రాసితిమనియు నూహింతము. నీరు పదవవంతు అడుగు మాఱినప్పుడెల్ల పరికరము ఇంటరప్టు పంపును. డ్రైవరు అడుగుల సంఖ్యను ఒక గదిలోను, పదవవంతుల సంఖ్యను దాని ప్రక్కగదిలోను వ్రాసిపెట్టును. మట్టమును ఊరివారికి తెలుపు ప్రాసెసు వచ్చి, మొదట అడుగుల గదిని, పిదప పదవవంతుల గదిని చదువును. ఇంతకంటె సులభమైన ఏర్పాటేమున్నది?

నీరు 42.9 వద్ద నున్నది. మన ప్రాసెసు వచ్చి అడుగుల గదిలో 42 అని చదివినది. సరిగా నాక్షణమున నీరు 43.0కు పెరిగి యింటరప్టు వచ్చినది. డ్రైవరు మొదటి గదిలో 43, రెండవ గదిలో 0 వ్రాసిపోయినది. తాను నిలుపబడితినని యెఱుగని ప్రాసెసు రెండవ గదిని చదువగా 0 కనబడినది. అది ప్రకటించు మట్టము 42.0. నది మొదటి ప్రమాద హెచ్చరికకు చేరిన క్షణముననే, ఇంక ఒక అడుగు తక్కువగ నున్నదని యంత్రము చెప్పినది! గదులను తిరుగవేసి, ముందు పదవవంతులను చదివినచో 43.9 అని వచ్చును. అప్పుడు లేని వరదకు జనులు పరుగెత్తుదురు.

ఇందు చదువరులు గమనింపవలసినది యొకటి గలదు. నీరు 42.3 నుండి 42.4కు పోవునప్పుడు ఈ దోషము కనబడదు. అడుగుల అంకె మాఱలేదు గావున. అడుగు నిండినప్పుడు మాత్రమే కనబడును. మన హెచ్చరికలు మూడును నిండు అడుగులమీదనే యున్నవి. అనగా ఈ తప్పు ఏడాదిపొడవున నిద్రించి, దేనికొఱకై పరికరమును పెట్టితిమో ఆ క్షణముననే లేచును. మఱుక్షణమున సరియైన అంకె వచ్చునుగదా యందురేమో. నిజమే. కాని మట్టమును గంటకొకసారి చదివి తెలుపు ఏర్పాటైనచో, ఆ మఱుక్షణము గంట తరువాత వచ్చును. గంటసేపటిలో పెరుగు వరద యెంత చేయునో మా పాఠకులలో చాలమంది మాకంటె బాగుగ ఎఱుగుదురు.

పరీక్షించి చూచిన తప్పు బయటపడదా యని యడుగుదురు. పడవచ్చును, పడకపోవచ్చును. వేయిసార్లు పరీక్షించినను ఇంటరప్టు ఆ రెండు చదువుల నడుమ సరిగా పడకపోవచ్చును. మఱియు నొక విచిత్రము. తప్పు ఎక్కడనున్నదో చూతమని ప్రోగ్రామునందు అచ్చటచ్చట “ఇప్పుడిది జరిగినది” అని వ్రాయించు మాటలు చేర్చినచో, ఆ వ్రాతకు పట్టు కాలముచేత పందెపు క్రమమే మాఱి, తప్పు మాయమగును. వానిని తీసివేయగానే తిరిగి వచ్చును. వైద్యుడు రాగానే తగ్గి, పోగానే వచ్చు జ్వరమువలె.

వైద్యమనగా జ్ఞాపకమునకు వచ్చినది. ఈ దోషము మనుష్యుల ప్రాణములు తీసిన కథ కల్పితము కాదు. కెనడా దేశమున చేయబడిన థెరాక్-25 అను యంత్రము క్యాన్సరు వ్రణములకు కిరణచికిత్స చేయుటకు ఆసుపత్రులలో నుంచబడినది. 1985 జూను మొదలు 1987 జనవరి వఱకు దానివలన ఆఱు ప్రమాదములు జరిగినట్లు తేలినది. రోగులకు ఈయవలసినదానికంటె అనేక రెట్లు అధికమైన కిరణశక్తి తగిలినది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున టైలరు పట్టణమందు 1986 మార్చి, ఏప్రిలు నెలలలో జరిగిన రెండు ప్రమాదములు మన పాఠమునకు సరిగా తగినవి. ఆ యంత్రము రెండు విధముల కిరణముల నిచ్చును. ఒకదానికి బలమైన ప్రవాహమును, నడుమ నొక లోహపు అడ్డమును కావలెను. రెండవదానికి అల్పమైన ప్రవాహము చాలును, అడ్డముండదు. యంత్రమును నడపునామె పొరబాటున మొదటి విధము వ్రాసి, వెంటనే చూచుకొని, పైకి పోయి రెండవ విధముగ దిద్దినది. ఆ పనియందు చాల చేయి తిరిగినది గనుక దిద్దుబాటు కొన్ని సెకనులలో ముగిసినది. అయస్కాంతములను సరిచేయుటకు యంత్రమునకు ఎనిమిది సెకనులు పట్టును. ఆ ఎనిమిది సెకనులలోపల జరిగిన దిద్దుబాటును ఒక ప్రాసెసు చూచినది, మఱొక ప్రాసెసు చూడలేదు. ప్రవాహము బలమైనదిగను, అడ్డము లేనిదిగను యంత్రము సిద్ధమైనది. తెరమీద 54 అను లోపసంఖ్య మాత్రము కనబడినది. దాని యర్థము ఆసుపత్రివారికి తెలియదు. ఆ రోగు లిరువురును ఆ గాయములవలననే మరణించిరి.

మెల్లగా వ్రాయువారి చేతిలో ఆ యంత్రము తప్పుచేయలేదు. నేర్పుగల చేతిలోనే చేసినది. దీనికి ముందు వచ్చిన థెరాక్-20 అను యంత్రముననుకూడ ఇట్టి దోషమే యుండెనని తరువాత తెలిసినది. కాని దానియందు తప్పుడు ఏర్పాటున కిరణము వెడలకుండ తీగలతోను మీటలతోను చేసిన వేఱు కట్టుబాటులుండెను గావున ఫ్యూజు మాత్రము పోవుచుండెను. క్రొత్త యంత్రమున ఆ కట్టుబాటులను తీసివేసి, ప్రోగ్రామునే నమ్మిరి. మాకు ఈ కథలో మిక్కిలి బాధ కలిగించునది ఇదియే: ఫ్యూజు పోయినప్పుడెల్ల దోషము తలుపు తట్టుచునే యుండెను.

మఱి దీనికి మందేమి? ఇచ్చట మన పడవలు వచ్చుచున్నవి. ఆ రెండు గదులను లాకుయొక్క అఱగా భావింపుడు. చదువువాడైనను వ్రాయువాడైనను, లోనికి పోవుటకు ముందు లాకు పట్టవలెను. పని ముగిసిన వెంటనే విడువవలెను. ఒకడు లోన నుండగా రెండవవాడు బయటనే యుండవలెను. 1965లో పైన చెప్పిన డైక్‌స్ట్రాగారే ఈ సమస్యను శాస్త్రరీతిగ నిరూపించి, సెమఫోరు అను సాధనమును గూర్చి ప్రకటించిరి. పూర్వము రైలుమార్గమున చేయి చాపి నిలిచియుండెడి సిగ్నలు కంబమునకే ఆ పేరు. వారికి రైలు తోచినది, మనకు పడవ తోచినది, భేదమంతియే. ఒక్క మాట: ఆ గదులను ముట్టు ప్రతివాడును నియమమును పాటింపవలెను. పదుగురిలో తొమ్మండుగురు లాకు పట్టి, ఒక్కడు పట్టక దూరినచో, తొమ్మండుగురి జాగ్రత్తయు వ్యర్థమే.

బయటనున్న పడవ యేమిచేయవలెను? రెండు మార్గములు గలవు. తెడ్డు వేయుచు, తలుపు తెఱచిరా లేదా యని చూచుచు అక్కడక్కడనే తిరుగుట యొకటి. దీనిని స్పిన్ లాకు అందురు. లోనిపని క్షణములో ముగియునని తెలిసినప్పుడిది మంచిది. పడవను ఒడ్డున కట్టి, లాకు కావలివానికి చెప్పి పండుకొనుట రెండవది. ఇది నిద్రించు లాకు. లోనిపని ఆలస్యమగునప్పుడు ఇదియే మేలు. ఏలయన తెడ్డు వేయుట కూడ శ్రమయే. ప్రాసెసరుయొక్క శక్తి దానిచే వ్యర్థమగును. మొదటి విధపు లాకులో దూరి, అఱ నడుమ పడవవాడు నిద్రించినచో నేమగునో చెప్పనక్కఱలేదు. బయటివారందఱును చేతులు పడిపోవువఱకు తెడ్లు వేయుచునే యుందురు. అందుచేత స్పిన్ లాకు పట్టినవాడు నిద్రింపరాదని డ్రైవరులు వ్రాయువారి మొదటి నియమము.

ఇంటరప్టు వచ్చి దీనిని మఱింత చిక్కుపఱచును. ప్రాసెసు లాకు పట్టి గదులను చదువుచున్నది. అదే ప్రాసెసరుమీద ఇంటరప్టు వచ్చి, ప్రాసెసును నిలిపి, గదులలో వ్రాయుటకై అదే లాకును కోరినది. లాకు దొరకదు, ప్రాసెసు నడచినగాని విడువదు. ఇంటరప్టు పని ముగిసినగాని ప్రాసెసు నడవదు. తన మొలనున్న తాళపుచెవికొఱకు తలుపువద్ద కూర్చుండి తానే యెదురుచూచుట యిది. యంత్రము కదలక మెదలక బిగిసిపోవును. కావున ఇంటరప్టునకును ప్రాసెసునకును ఉమ్మడియైన వస్తువును ముట్టుటకు ముందు, ఆ ప్రాసెసరుమీద ఆ కొంచెముసేపు ఇంటరప్టులను ఆపివేసి, పిమ్మటనే లాకు పట్టవలెను. ఈ కాలపు యంత్రములందు ప్రాసెసర్లు నాలుగో, ఎనిమిదో యుండును. మన ప్రాసెసరుమీద ఇంటరప్టును ఆపినంతమాత్రమున ప్రక్క ప్రాసెసరు ఆగదు, దానికొఱకు లాకు. లాకు ఒక్కటియే పట్టిన మన ప్రాసెసరుమీది యింటరప్టు ఆగదు, దానికొఱకు ఆపుట. రెండును కావలెను. మా విద్యార్థులు పరీక్షయందు ఈ రెంటిలో నొకటి వ్రాసి రెండవది మఱచుట పరిపాటి.

నిద్రించు లాకునందు వేఱొక గోతి గలదు. పడవవాడు వచ్చి చూచెను, తలుపు మూసియున్నది. పడవను కట్టి పండుకొందమని వెనుదిరిగెను. వాడింకను పండుకొనలేదు, వాని పేరు కావలివాని పట్టికలో ఎక్కలేదు. ఆ క్షణముననే తలుపు తెఱువబడినది. కావలివాడు పట్టిక చూచెను, ఎవరును లేరు, ఎవరినీ లేపనక్కఱలేదని తన పని తాను చూచుకొనెను. పిమ్మట పడవవాడు పండుకొనెను. తలుపు తెఱచియున్నది, పడవవాడు నిద్రించుచున్నాడు, వానిని లేపువాడు లేడు. మేము దీనిని చెప్పినప్పుడు తరగతిలో నొక క్షణము నిశ్శబ్దము కలిగినది. నిద్రకును మెలకువకును సంబంధించిన పొరపాటు యంత్రమునకు గూడ నుండునని వారు తలచియుండరు.

ఉపాయము చాల చిన్నది. క్రమమును మార్చుటయే. పడవవాడు మొదట తన పేరును పట్టికలో వ్రాయింపవలెను. పిమ్మట మఱల నొకసారి తలుపు చూడవలెను. అప్పటికిని మూసియున్నచో పండుకొనవలెను. పేరు వ్రాయించిన తరువాత ఏ క్షణమున తలుపు తెఱచినను కావలివాని కేక వానికి అందును. పండుకొనబోవుచుండగా కేక వచ్చినచో పండుకొనడు. ముందు చూచి తరువాత వ్రాయించుట తప్పు. ముందు వ్రాయించి తరువాత చూచుట ఒప్పు. లినక్సు మొదలైన ఆపరేటింగు సిస్టములందు పరికరమునకై వేచియుండు డ్రైవరులన్నియు ఈ క్రమముననే నిద్రించును.

లాకును సరిగా పట్టి, సరిగా విడిచినను షెడ్యూలరువలన కీడు రావచ్చుననుటకు అంగారకగ్రహమే సాక్షి. 1997 జూలై 4వ తేదీన అమెరికావారి పాత్‌ఫైండరు నౌక ఆ గ్రహముమీద దిగినది. కొన్ని దినములకే దాని కంప్యూటరు ఉన్నట్టుండి మఱల మఱల మొదటినుండి ప్రారంభమగుచు వచ్చినది. అచ్చట సమాచారవాహినిని నడపు ప్రాసెసు మిక్కిలి ముఖ్యమైనది. గాలి, వాతావరణములను గూర్చిన లెక్కలు పంపునది సామాన్యమైనది. రెంటికిని ఒక లాకు ఉమ్మడి. సామాన్యమైనది లాకు పట్టియుండగా ముఖ్యమైనది వచ్చి వేచియుండెను. ఇంతవఱకు న్యాయమే. ఇంతలో లాకుతో నేపనియు లేని నడితరగతి ప్రాసెసు వచ్చి, సామాన్యమైనదానికంటె తాను పెద్దది గావున, దానిని నిలిపి ప్రాసెసరును తాను గైకొనెను. చేపలవాని దోనె అఱలో నున్నది. పెద్ద లాంచీ బయట నున్నది. దోనెను లాగుచున్న కూలీలను నడుమవచ్చిన మఱొక ఆసామి తన పనికి తీసికొనిపోయెను. దోనె కదలదు, కావున లాంచీయు కదలదు. ముఖ్యమైన ప్రాసెసు తన గడువునకు పని ముగింపలేదని కనిపెట్టిన కావలి ప్రోగ్రాము, ఏదో గొప్ప కీడు మూడినదని తలచి, యంత్రమునే తిరిగి ప్రారంభించుచుండెను.

దీనికి మందు అప్పటికే తెలిసియుండెను. లుయీ షా, మన దేశమున విద్య నభ్యసించిపోయిన రాగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోస్కీ అను మువ్వురు 1990లో ప్రకటించిన వ్యాసమున దానిని వివరించిరి. లాంచీ వెనుక వేచియున్నంతసేపును, లోనున్న దోనెకు లాంచీయొక్క మర్యాదయే జరుగవలెను. అప్పుడు దాని కూలీలను నడుమవాడు తీసికొనిపోలేడు. దోనె బయటపడగానే దాని మర్యాద దానిది. పాత్‌ఫైండరునందు ఈ సదుపాయము ఉండియు, ఆ యొక్క లాకునకు అమర్పబడలేదు. భూమిమీద అట్టిదే యగు మఱొక యంత్రమున దోషమును కనబఱచి, కోట్ల మైళ్ల దూరమునుండి వర్తమానము పంపి దానిని అమర్చిరి. ప్రయాణమునకు ముందు జరిగిన పరీక్షలలోను ఇట్టి పునఃప్రారంభము అరుదుగ కనబడియుండెనట. మఱల రప్పింపలేక దానిని ప్రక్కకు పెట్టిరి. థెరాక్ యంత్రపు ఫ్యూజులను చదువరులు మఱచియుండరు.

ఇన్ని చిక్కులెందుకు, యంత్రమంతటికి ఒకే లాకు పెట్టరాదా యని కొందఱు తెలివిగల బాలురు అడిగిరి. పెట్టిరి. 1996లో లినక్సు ఒకటికంటె ఎక్కువ ప్రాసెసర్లమీద నడచుటకు మొదలిడినప్పుడు లోనిభాగమునకంతకు ఒకే పెద్ద లాకు ఉండెను. క్షేమమే గాని, ఇంటికంతకు ఒకే తాళమున్న కుటుంబమువలె నొకరికొఱకొకరు వాకిట నిలువవలసివచ్చెను. దానిని చిన్నచిన్న లాకులుగ విడదీయుచు, తుదకు 2011లో పూర్తిగ తొలగించిరి. చిన్న లాకులు పెరిగినకొలది వేఱొక బాధ: ఒకదానిపైనొకటి రెండు లాకులున్నచోట, ఎక్కుచున్న పడవ క్రింది అఱను, దిగుచున్న పడవ పై అఱను పట్టినచో, ఒకదాని దారికి మఱొకటి అడ్డమై రెండును నిలిచిపోవును. ఏ లాకు ముందు, ఏది వెనుక అని అందఱకు నొకే వరుస యేర్పఱచుట దీనికొక మందు.

స్థలము చాలనందున ఇంతటితో నిలిపి, విద్యార్థులకొక లెక్క నిచ్చుచున్నాము. మన గోదావరి కొలతయందు అడుగులను, పదవవంతులను రెండు గదులలో నుంచక, 42.9ను 429 అనియు, 43.0ను 430 అనియు ఒకే గదిలో ఒకే సంఖ్యగ వ్రాసినచో, లాకు లేకయే సరియైన మట్టము దొరకునా? దొరకునని చెప్పువారు కారణమును వ్రాయవలెను. పిమ్మట, ఆ మట్టము ఏ గంట ఏ నిమిషమున కొలువబడినదో ఆ వేళను గూడ ప్రక్కగదిలో వ్రాయుమని భద్రాచలమునుండి ఉత్తరువు వచ్చినదనుకొని, మఱల మొదటినుండి ఆలోచింపవలెను. ఉత్తరములను వేసవి సెలవులలోపల మాకు అందజేసినవారి కాగితములను తరగతిలో చదివించెదము.